బోర్లాపడిన బొమ్మ పడవ

మీ ఏడేళ్ల కూతురు కంప్యూటర్లో ఒక బొమ్మ పడవను తిరగేసిందని ఊరి జనం వచ్చి గుమ్మం ముందు నిలబడితే, మీరు ఎవరి పక్కన నిలబడతారు? తొందరపడి జవాబు చెప్పకండి. మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా వేదికలెక్కి వాదించిన నేనే ఆ రోజు ఒక మీట నొక్కడానికి జంకాను.

2010 తర్వాతి సంవత్సరాలవి. భావనపాడుకు అవతల, సముద్రం ఒడ్డునున్న ఒక పల్లె బడిలో రెండో తరగతికి పాఠాలు చెప్పేవాణ్ణి. ఎవరో ఇచ్చిన పాత లాప్‌టాప్‌లో, పిల్లలే వీడియో గేములు తయారుచేసుకునే సాఫ్ట్‌వేర్ వేశాను. చదవడం సరిగా రాని పిల్లలు కూడా తెర మీది రంగు దిమ్మల్ని ఒకదానికొకటి తగిలించి బొమ్మల్ని నడిపించవచ్చు. ఇది తగిలితే అది జరుగుతుంది. నాకు కావలసింది ఆ ఒక్క వాక్యమే. కారణం లేనిదే ఏదీ జరగదని ఏడేళ్లకే తెలిస్తే, పెద్దయ్యాక వాళ్లకు ఎవడూ తాయెత్తు అమ్మలేడనుకున్నాను.

క్లాసులో నోరు విప్పని ఒక పిల్ల ఆ తెర ముందు మాత్రం అందరినీ తోసుకుని కూర్చునేది. వాళ్ల నాన్న బోటుకున్న ఎరుపు, నీలం చారలే వేసి పడవ గీసింది. కెరటం తగలగానే పడవ తలకిందులయ్యేలా దిమ్మలు పేర్చింది. పిల్లలంతా పడీపడీ నవ్వారు. మళ్లీ ముంచమని గోల చేశారు.

ఆ పల్లెలో, మగవాళ్లు చేపల వేటకు వెళ్లి తిరిగొచ్చేదాకా, ఆడవాళ్లు తోమిన గిన్నెను కూడా బోర్లించరు. గోడకు ఏటవాలుగా ఆనిస్తారు. నేను మెట్ట సేద్యగాళ్ల ఇంట్లో పుట్టినవాణ్ణి. గాలికి ఆరడానికి అలా పెడతారనుకునేవాణ్ణి. గిన్నె బోర్లితే బోటూ బోర్లుతుందన్న భయమని అప్పటికి నాకు తెలీదు.

మర్నాటికి గాలి తిరిగింది. మిగతా బోట్లు ఒడ్డు చేరాయి. ఆ పిల్ల నాన్న బోటు మాత్రం రాలేదు. ఫోను కలవలేదు. పిల్లలు గేము సంగతి ఇళ్లలో చెప్పేశారు. మొదటి గంట అయ్యేసరికి ఆడవాళ్లు బడి గుమ్మం నిండా ఉన్నారు. ముందు ఆ పిల్ల నానమ్మ.

"ఏటి మేస్టారూ, సిన్న గుంటలకి బోట్లు ముంచడం నేర్పతన్నారా?"

"అది బొమ్మమ్మా."

"బొమ్మకి మా బోటు రంగులెందుకేసినాదో సెప్పండి."

వెనక నుంచి ఎవరో అన్నారు: "ఈ గుంట సిల్లంగి ఎక్కడ నేర్సిందో."

సిల్లంగి అంటే చేతబడి. చేతబడి చేస్తారని ముద్రపడిన మనుషుల పళ్లు ఊడగొట్టే ప్రాంతం మాది. ఆ పిల్ల నా చొక్కా అంచు పట్టుకుంది. వాళ్లమ్మ ఆ గుంపులోనే ఉంది. కూతురి వైపు చూసింది కానీ దగ్గరికి రాలేదు. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది అదే.

"ఆ పెట్టి తెరిసి బోటుని నిలబెట్టించండి. నా కొడుకు వొచ్చేస్తాడు," అంది నానమ్మ.

ఒక్క దిమ్మ మారిస్తే చాలు, గొడవ అయిపోతుంది. కానీ నిలబెట్టాక బోటు వచ్చిందనుకోండి, ఇక ముందు రాని ప్రతి బోటూ ఆ పిల్ల మెడకే చుట్టుకుంటుంది. బోటు రాలేదనుకోండి... ఆ ఆలోచన పూర్తి చేయలేకపోయాను.

"నిలబెట్టను. ఇంకో పడవ ముంచుతాను. అందులో నేనుంటాను. నాకేమీ కాకపోతే అది ఉత్త బొమ్మేనని ఒప్పుకోండి," అన్నాను.

కళ్లజోడు పెట్టుకున్న మనిషిని గీసి కింద నా పేరు రాశాను. మీట నొక్కమంటే పిల్ల చేతులు వెనక్కి దాచుకుంది. నేనే నొక్కబోయాను. వేలు ఆగింది. ఎందుకు ఆగిందో నా హేతువాదం ఈనాటికీ చెప్పలేదు. నొక్కాను. పడవ తిరగబడింది. తెర మీద నేను తలకిందులుగా వేలాడుతున్నాను.

"ఏటి పని సేసినావు బాబూ," అంది ముసలమ్మ. అంతవరకూ నేనామెకు మేస్టార్ని; ఆ మాటతో కొడుకులాంటివాణ్ణయ్యాను. గుంపు ఒడ్డు వైపు వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఆ బోటు వచ్చింది. ఇంజను చెడి కొట్టుకుపోతుంటే, పక్క ఊరివాళ్లు తాడు కట్టి లాక్కొచ్చారు. ఇంజను సంగతి చెప్పి వాదన ముగిద్దామని ఒడ్డుకు పరుగెత్తాను. నేను నోరు తెరవకముందే నానమ్మ చేతులు జోడించింది.

"నా కొడుక్కి బదులు మేస్టారు ఎదురెల్లినారు. గంగమ్మ నా కొడుకుని ఒగ్గీసినాది. ఇంక మీరు నీటి పక్కకి రాకండి బాబూ."

నా రుజువును నా కళ్లముందే మింగేశారు. సముద్రానికి బాకీపడ్డ మనిషిని చూసినట్టు చూశారు నన్ను.

అసలు భయం ఆ తర్వాత మొదలైంది. ఆ పిల్ల రోజూ గంట కొట్టకముందే వచ్చి కిటికీలోంచి చూసేది.

"ఉన్నారా మేస్టారూ?"

"ఉన్నానమ్మా."

లాప్‌టాప్ దగ్గరికి రావడం మానేసింది. నేను దగ్గితే ముఖం పాలిపోయేది. నేను రోడ్డు దాటడానికి కూడా భయపడేవాణ్ణి. జ్వరమొచ్చినా బడికి వెళ్లేవాణ్ణి. నా ప్రాణం గురించి కాదు. నాకేదైనా అయితే ఆ పాపకు ఏ పేరు పడుతుందో నాకు తెలుసు.

వానాకాలం వచ్చాక ఒక రోజు తనే అడిగింది. "ఆ కెరటం మీకు తగల్నేదా?"

"నువ్వే నొక్కి చూడు."

నొక్కింది. తెర వైపు కాదు, నా వైపు చూసింది. మళ్లీ నొక్కింది, మళ్లీ చూసింది. నాకేమీ కాకపోయినా ఆ భయం పోలేదు. తెరలో ఉన్నది నా ఒక్కడి పేరే. ఎప్పటికైనా నేను పోతాను కదా! ఆ రోజు నింద ఆ పిల్ల మీదే పడుతుంది.

అందుకే అడుగుతున్నాను. రేపు మీ ఊరి బడికి వెళ్లండి. మీ పిల్ల చేసిన గేము ముందు కూర్చోండి. అందులో మునిగే పడవ మీద మీ పేరు రాయించండి, మీ పక్కింటివాళ్ల పేరు, సర్పంచి పేరు, పూజారి పేరు కూడా రాయించండి. ఒక్కడి పేరుంటే అది బలి. ఊరందరి పేర్లూ ఉంటే అది బొమ్మ. వెళ్లండి.