నాయన గుడ్డ నిలవని బొంత

గాలి సోకిందని మా వీధిలో ఎవరైనా తాయెత్తు కట్టించడానికి బయలుదేరితే, ముందు డాక్టరు దగ్గరికి పదండని అడ్డం పడేదాన్ని నేను. దయ్యాలు, ఆత్మలు అంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. ఇది చదివాక నమ్మమని మిమ్మల్నీ అడగను. నేను చూసింది, చేత్తో పట్టుకున్నది మాత్రం రాస్తున్నాను.

అప్పట్లో నేను హిందూపురంలో ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో, చెకింగ్ సెక్షన్‌లో పనిచేసేదాన్ని. కుట్టిన చొక్కాలు మా టేబుల్ మీదికి వస్తాయి. కుట్టు ఎక్కడ తప్పింది, దారం దానంతటదే తెగిందా, ఎవరైనా కత్తిరించారా, విప్పి మళ్ళీ కుట్టారా అని చూసి చెప్పడమే పని. ఆరేళ్ళు అదే చేశాను. మిగతా విషయాల్లో ఏమో గానీ, కుట్టు దగ్గర నా కళ్ళు నన్ను మోసం చేశాయంటే ఒప్పుకోలేను.

మా నాయనకు ఒక తమ్ముడు, ఒక చెల్లెలు. ఆ చెల్లెలే మా రత్నమ్మత్త. ఆమెను గుడిబండ దగ్గర ఒక పల్లెలో ఇచ్చారు. మొగుడు కొట్టేవాడు. ఒకసారి వచ్చినప్పుడు కమ్మ లాగేయడంతో చెవి తమ్మె రెండుగా చీలి ఉంది. అట్లా మూడుసార్లు హిందూపురం వచ్చేసింది. మూడుసార్లూ మా నాయన బస్సెక్కించి తీసుకుపోయి మళ్ళీ ఆ ఇంట్లోనే వదిలి వచ్చాడు.

ఇది తొంభైల మొదట్లో సంగతి. మూడోసారి నేను కళ్ళారా చూశాను. నాకు పదేళ్ళుంటాయి. అత్త మా వసారాలో కిటికీ కమ్మీ పట్టుకుని వదల్లేదు. నాయన ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు. కోపంగా కూడా కాదు. ఆయన చింతపండు మండీలో గుమాస్తా. అక్కడ మూట ముడి విప్పుతాడే, అంత నిదానంగా విప్పాడు.

నాలుగోసారి ఆమె మా ఇంటికి రాలేదు. నేరుగా ధర్మవరం పోయి ఒక గది బాడుగకు తీసుకుంది. పట్టుచీరలకు ఫాల్స్ వేయడం, జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. చనిపోయేదాకా నాయనతో ఒక్క మాట మాట్లాడలేదు. అమ్మతో, అక్కతో, నాతో, పెనుకొండలో ఉండే చిన్నాయనతో మాత్రం బాగానే ఉండేది. నాయనకు తెలీకుండా మేము జాకెట్ గుడ్డలు పట్టుకుని ఆమె దగ్గరికి పోయేవాళ్ళం. మాటల్లో ఎవరైనా నాయన పేరెత్తితే మిషన్ తొక్కడం ఆపేసేది. వేరే మాట వచ్చేదాకా గోడవైపు చూస్తూ కూర్చునేది.

కామెర్లతో ఆమె పోయిన రోజు నాయన కూడా మాతో ధర్మవరం వచ్చాడు. ఇంటి ఓనరమ్మ ఆయన్ను వాకిట్లోనే నిలబెట్టింది.

"తప్పనుకోవద్దప్పా. మా అన్న వస్తే నా ముఖం సూడనియ్యద్దని ఆయమ్మ నాతో మాట తీసుకునింది. నేను కాదనలేకపోతి."

నాయన వెళ్ళి వీధి చివర నిలబడ్డాడు. కార్యం చిన్నాయన చేశాడు. ఆ ఎండలో నాయన అట్లా నిలబడి ఉంటే నాకు జాలి వేసింది. ఇప్పుడు ఆలోచిస్తే, తర్వాత నేను చేసిన పనికి ఆ జాలే కారణం.

అత్త వస్తువుల్లో మాకు వచ్చింది ఒక ట్రంకు పెట్టె. నిండా గుడ్డ ముక్కలు. జాకెట్లు కత్తిరించగా మిగిలినవి, మా అవ్వ చీరల ముక్కలు, మా పరికిణీల అంచులు, చిన్నాయన పెళ్ళిచొక్కా. ఒక్కొక్కరివి వేరువేరుగా మడిచి, పీలికతో కట్టి, పైన పెన్సిలుతో పేరు రాసిన చీటీ గుండుసూదితో గుచ్చి పెట్టింది. అమ్మ. వదిన. చిన్నోడు. పెద్దపాప. చిన్నపాప.

అడుగున 'అన్న' అని ఒక చీటీ ఉంది. దాని కింద పీలిక కూడా ఉంది, గట్టిగా ముడి వేసి. ఆ ముడిలో మాత్రం ఏమీ లేదు.

ఒక ఏడాది ఆ పెట్టె అట్లానే ఉండింది. ఆలోగా నాయనకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. ఎడమచేతికి స్పర్శ కూడా పోయింది. డాక్టరు సూదితో గుచ్చినా తెలిసేది కాదు. ఆ ముక్కలతో ఇంటికొక బొంత కుడదామని అమ్మ అంటే, సరేనన్నాను. కదిరిలో ఉన్న అక్కకు ఒకటి, చిన్నాయనకు ఒకటి, నాకొకటి. ఆదివారాలు కూర్చుని మూడూ ముగించాను. ఏ ఇబ్బందీ రాలేదు. మంచంలోంచి చూస్తూ నాయన అడిగాడు.

"నాకూ ఒకటి కుట్టు పాపా. నా చెల్లెలి గుడ్డలే కదా."

ఆ ఖాళీ ముడి నాకు గుర్తొచ్చింది. అన్న కోసం చోటు ఉంచింది, పెట్టడానికి గుడ్డ దొరక్క వదిలేసింది అనుకున్నాను. నాయన పాత చొక్కా ఒకటి, తెలుపు మీద నీలం గీతలది, జానెడు చదరంగా కత్తిరించి బొంత నడిమధ్యలో పెట్టి చేత్తో కుట్టాను. రెండు పోగుల దారం, దగ్గర దగ్గర కుట్లు.

ఆదివారం సాయంత్రం మడిచి బీరువాలో పెట్టాను. సోమవారం డ్యూటీ నుంచి వచ్చి, నాయనకు ఇద్దామని తీస్తే మధ్య ముక్క ఊడి ఉంది. ఊడి కింద పడలేదు. నాలుగు మడతలు పెట్టి బొంత మీద ఉంది. దాని పక్కన కుట్టిన దారమంతా అగ్గిపుల్లకు చుట్టి ఉంది. అత్త దారం ముక్క కూడా పారేసేది కాదు, అట్లానే అగ్గిపుల్లకు చుట్టిపెట్టేది.

దారాన్ని వెలుతురులో పెట్టి చూశాను. ఎక్కడా తెగలేదు. చివర నేను వేసిన ముడి విప్పి ఉంది. గుడ్డలో సూది రంధ్రాలు సాగలేదు, చిరగలేదు. ఒక్కో కుట్టూ వెనక్కి తీసుకుంటూ పోతే తప్ప అట్లా రాదు.

అమ్మ మీద అనుమానపడ్డాను. అత్త పక్షాన అమ్మ నాయనతో ఎన్నోసార్లు గొడవపడింది. గట్టిగానే అడిగాను.

"నేనేంటికి చేస్తానే? ఆ మనిషికి ఏడాదిగా ఉచ్చా దొడ్డీ ఎత్తుతాండేది నేనే కదా. బొంత దగ్గర పగ తీర్చుకుంటానా?" అని అమ్మ ఏడ్చింది.

రెండోసారి మిషన్ మీద కుట్టాను. చుట్టూ రెండు వరసలు. బీరువా తాళం వేసి, తాళంచెవి నాతోపాటు ఫ్యాక్టరీకి తీసుకుపోయాను. కుట్టేటప్పుడు సూది నా చూపుడువేలిలో దిగింది. మిషన్ మీద నాకు అట్లా ఎప్పుడూ కాలేదు. గోరు కింద చీము పట్టి వారం రోజులు చెయ్యి వాచింది.

మరుసటి సాయంత్రం తాళం నేనే తీశాను. ముక్క మడిచి ఉంది. మిషన్ కుట్టుకు పైదారం, కిందదారం అని రెండుంటాయి. రెండూ వేరువేరుగా, రెండు అగ్గిపుల్లలకు చుట్టి ఉన్నాయి. కత్తిరించకుండా ఆ పని చేయాలంటే చేయి తిరిగినవాళ్ళకే ఒక పూట పడుతుంది.

అప్పటికి నాకు భయం కంటే కోపమే ఎక్కువగా ఉండింది. ఎవరు చేస్తున్నారో తేల్చాలని, మా ఇంటితో సంబంధం లేని మనిషి చేత కుట్టించాలనుకున్నాను. ఎర్రమంచి పక్క ఒక పల్లెలో సాలమ్మ అని బొంతలు కుట్టే పెద్దామె ఉందని తెలిసింది. చర్చి వెనక ఆమె ఇల్లు. బొంత, ముక్క ఇచ్చి, మధ్యలో వేసి కుట్టమన్నాను. అత్త గురించి, జరిగినదాని గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఎనిమిది రోజులకు పోతే ఆమె నన్ను లోపలికి రమ్మనలేదు. బొంత తెచ్చి వాకిట్లో నా కాళ్ళ ముందు పడేసింది. దాని మీద చొక్కా ముక్క మడిచి ఉంది.

"మూడు మార్లు కుట్టినానమ్మా. మూడు మార్లూ నేను కూటికి లేచిపోయి వచ్చేలోపల ఊడదీసి పెట్టుండాది. ఇంట్లో నేను తప్ప ఎవురూ లేరు. నా చేతులు సూడు."

అరచేతులు చాపింది. వేళ్ళ కొసలన్నీ సూదిపోట్లు. నలభై ఏళ్ళుగా సూది పట్టిన మనిషి ఆమె.

"ఈ చొక్కా ఎవురిది?"

"మా నాయనది."

"ఉండాడా?"

"ఉండాడు."

"ఈ గుడ్డలు దాచిపెట్టిన మనిషి?"

చనిపోయిందన్నాను. సాలమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. "మీ ఇంట్లో ఏం జరిగిందో నాకొద్దు. ఆయమ్మ ఆయప్పను రానియ్యదు. ఇంగ నా తావుకు తీస్కరావద్దు" అని తలుపు వేసుకుంది.

హిందూపురం వచ్చాక ఆ చొక్కా ముక్కను పక్కన పడేశాను. ఇంక వదిలేద్దామనే అనుకున్నాను. కానీ అమ్మ నాయనకు అంతా చెప్పేసింది. ఆయన బాధపడతాడనుకున్నాను. మండిపడ్డాడు.

"సచ్చినంక కూడా దాని పొగరు అణగలేదు. నా గుడ్డ లేకపోతే పీడా పాయె. నడిమధ్యలో ఇంగేదో ఒకటి ఏసి కుట్టి ఇయ్యి. కప్పుకుంటా. ఏం చేస్తుందో సూస్తా."

మధ్యలో అవ్వ చీర ముక్క వేసి కుట్టాను. ఆ కుట్టు ఊడలేదు. ఒక మంగళవారం మధ్యాహ్నం అన్నం తిన్నాక నాయన ఆ బొంత కప్పుకుని పడుకున్నాడు. అమ్మ గడపలో కూర్చుని శనక్కాయలు ఒలుస్తోంది. గంట సేపటికి నాయన కేక వేశాడట. అమ్మ పక్కింటి ఫోను నుంచి ఫ్యాక్టరీకి చేయించింది. నేను పర్మిషన్ పెట్టి వచ్చాను.

నాయన ఒంటి మీద ఎర్రటి చుక్కలున్నాయి. భుజం నుంచి నడుం దాకా, గుండె మీద, రెండు చేతుల మీద, బొంత కప్పినంత మేర. మెడ పైన ఒక్కటీ లేదు. చుక్కకూ చుక్కకూ మధ్య దూరం ఒకటే. వరసకూ వరసకూ మధ్య దూరం ఒకటే. అట్లాంటి వరసలు నేను రోజూ ఫ్యాక్టరీ టేబుల్ మీద చూసేదాన్ని. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నాయన ఎడమచెయ్యి చూపించి "మంట, ఈ చేతికే ఎక్కువ మంట" అంటున్నాడు. ఏడాదిగా సూది గుచ్చినా తెలియని చెయ్యి అది.

డాక్టరు నల్లులు అన్నాడు. తర్వాత పాత గుడ్డల రంగులు ఒంటికి పడలేదేమో అన్నాడు. నల్లి ఇట్లా స్కేలు పెట్టి గీసినట్టు కుడుతుందా సార్ అని అడిగితే, పూత మందు రాసిచ్చి తర్వాతి పేషెంటును పిలిచాడు. ఆయన తప్పేమీ లేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అంతే చేసేదాన్ని.

బొంతలో ఎక్కడైనా విరిగిన సూదులు ఉండిపోయాయేమో చూడాలి కదా. మా ఫ్యాక్టరీలో బయటిదేశాలకు పోయే బట్టల్లో సూదిముక్క ఉందేమో కనిపెట్టే మిషన్ ఉంటుంది. సూపర్‌వైజర్‌ను బతిమాలి టీ బ్రేకులో బొంతను దానిలో నాలుగుసార్లు పంపించాను. ఒక్కసారి కూడా మోగలేదు. తర్వాత అక్క దాన్ని కదిరి తీసుకుపోయి పదిరోజులు కప్పుకుంది. తన పిల్లలు కూడా కప్పుకున్నారు. ఎవరికీ చిన్న దద్దురు రాలేదు.

చుక్కలు మానడానికి రెండు నెలలు పట్టింది. ఒకరోజు పూత మందు రాస్తూ నాయనను అడిగాను, అత్తను అట్లా తీసుకుపోయి వదిలినందుకు ఎప్పుడైనా తప్పు చేశాననిపించిందా అని.

"అప్పుడు అందురూ అట్లే చేసినారు. నేనొక్కణ్ణే చేసినానా?" అన్నాడు. మళ్ళీ తనే, "దానికి నేనేం తక్కువ చేసినా? పంపించిన ప్రతిమారూ కొత్త చీర పెట్టే పంపిస్తి" అన్నాడు.

ఆ మూడు చీరల ముక్కలు పెట్టెలో ఉన్నాయా అని నేనూ అమ్మా మళ్ళీ వెదికాం. వాటి రంగులు అమ్మకు గుర్తున్నాయి. ఒక్క పోగు కూడా లేదు.

ఆ తర్వాత రెండేళ్ళకు నాయన పోయాడు. ఆ చివరి నెలల్లో చలికి కూడా దుప్పటే కప్పించుకున్నాడు గానీ బొంత అడగలేదు. చెల్లెలి పేరు ఎత్తలేదు. బొంత ఇప్పటికీ అక్క దగ్గరే ఉంది.

తాళం వేసిన బీరువాలో మిషన్ కుట్టు ఎట్లా ఊడింది, పల్లెలో ఉన్న పరాయి మనిషి చేతిలో ఎట్లా ఊడింది, స్పర్శలేని చేతికి మంట ఎట్లా తెలిసింది, నేను చెప్పలేను. ఎంతోమందిని అడిగాను, ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఎవరు చేశారని మాత్రం ఆ మంగళవారం తర్వాత మా ఇంట్లో ఎవరమూ ఎవరినీ అడగలేదు.