తెల్లగా వచ్చిన పేజీ

గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్‌లో కూర్చొని హైదరాబాద్ ఆఫీసుకు వెబ్‌సైట్లు రాసే ఉద్యోగం నాది. మా ఆయన బాయిలో, అంటే బొగ్గు గనిలో పనిచేస్తాడు. మా ఇద్దరి పనుల్లో కాలనీకి అర్థమయ్యేది ఆయనదే. నాది కూడా పనే అని నిరూపించుకోవాలన్న దురదతో కాలనీకి రక్తదాతల పేజీ ఒకటి చేశాను.

ఒక్కో దాతకు ఒక్కో కార్డు: పేరు, రక్తం గ్రూపు, ఫోన్ నంబరు, ఏ షిఫ్టు. బాయిలోకి దిగినవాళ్లకు ఫోన్ చేసి లాభం లేదు, ఫోన్లు పైనే ఉంటాయి, అందుకే షిఫ్టు. ఇతరులు రాసిపెట్టిన కోడ్ లైబ్రరీ ఏదీ అరువు తెచ్చుకోకుండా, బ్రౌజర్‌కు స్వతహాగా తెలిసిన పద్ధతిలోనే ఆ కార్డుకు సొంతంగా ఒక ట్యాగ్, అంటే పేజీలో దాన్ని చూపించే గుర్తు, తయారుచేశాను. ఈ సంగతి చెబితే మా ఆయన "మంచిగున్నది" అన్నాడు. కూరలో ఉప్పు లేకపోయినా ఆయన అదే అంటాడు.

పేజీని మా ఇంటి వైఫైలో, నా ల్యాప్‌టాప్‌లో, నేనే పరీక్షించుకున్నాను. అద్భుతంగా వచ్చింది. పక్క క్వార్టర్ అక్క ఫోన్‌లో కూడా పెట్టి, "ఎప్పుడన్న అవసరం పడితే గిది తెరువు అక్క, అందరి పేర్లు వస్తయి" అని గొప్పగా చెప్పాను.

నెల తిరక్కుండానే అవసరం పడింది. దవాఖానలో అక్క కూతురికి కాన్పయ్యాక రక్తం కారడం ఆగలేదు. బట్టలు తీసుకుపోదామని పొద్దున ఇంటికొచ్చిన అక్కకు ఫోన్ వచ్చింది. ఓ నెగెటివ్ రక్తం కావాలి, వెంటనే కావాలి. అక్క మా క్వార్టర్ల ముందే ఆటో ఎక్కి నా పేజీ తెరిచింది. పైన శీర్షిక వచ్చింది, కిందంతా తెల్లగా ఉంది. ఆమె ఫోన్ మూసి దవాఖానకు వెళ్లిపోయింది. రక్తం కరీంనగర్ నుంచి మధ్యాహ్నానికి చేరింది. అప్పటిదాకా అక్క కూతురు బతుకుతుందో లేదో ఎవరూ చెప్పలేదు. బతికింది.

రెండు రోజుల తర్వాత అక్క మా గడపలో కూర్చొని ఇదంతా ఏ కోపమూ లేకుండా చెప్పింది. "నీ దాంట్ల గా రక్తం ఉన్నోళ్లు ఒక్కరు లేరు చెల్లె. ఏం జేస్తం, మన కాలనీల లేరు."

పేజీ చెడిపోయిందని ఆమెకు తట్టనే లేదు. నేను చేసింది కదా, సరిగ్గానే ఉంటుందనుకుంది. మా ఆయనది ఓ నెగెటివ్. జాబితాలో మొదటి కార్డు ఆయనదే. ఆ పొద్దున ఆయన ఇంట్లోనే ఉన్నాడు. నేను వెనక గదిలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని మీటింగులో ఉన్నాను. ఇదంతా అక్కకు అప్పుడే చెప్పాల్సింది. చెప్పడానికి సిగ్గేసి, ఆమె ఫోన్ అడిగి తీసుకున్నాను.

తప్పు తొందరగానే దొరికింది. నా సర్వర్ పంపుతున్నవి ఖాళీ ట్యాగులు. వాటిని నింపే స్క్రిప్టు ఆ తర్వాత విడిగా వచ్చి, ఫోన్‌లో కార్డులు తయారుచేయాలి. మా క్వార్టర్ల మధ్య సిగ్నల్‌కు అంత ఓపిక లేదు.

"అంటే ఏందే?" అని అడిగింది అక్క.

"బియ్యం, పప్పు పంపి, ఫోన్‌నే వండుకోమన్న అక్క."

"బాయిల పొయ్యి ముట్టియ్యనిస్తరా? ఇంట్ల వండి టిఫిన్ల పెట్టి పంపాలె గద," అంది. ముప్పై ఏళ్లుగా భర్తకు టిఫిన్ కడుతున్న మనిషి. ఇదే విషయం మీద మా ఆఫీసులో మూడు మీటింగులు పెట్టి కూడా ఇంత దూరం రాలేదు.

ఏకబిగిన కూర్చొని మార్చాను. ఇప్పుడు కార్డు లోపలి భాగమంతా సర్వర్‌లోనే తయారై, హెచ్‌టీఎంఎల్‌తో, అంటే పేజీతో పాటే వస్తుంది. స్క్రిప్టు వస్తే గ్రూపును బట్టి వెతుక్కోవచ్చు. రాకపోతే పేర్లు, నంబర్లు చదువుకోవచ్చు. ఈసారి ల్యాప్‌టాప్‌ను నమ్మలేదు. అక్క ఫోన్‌లోనే స్క్రిప్టులన్నీ ఆపేసి, ఆటో ఆగినచోట నిలబడి తెరిచాను. పేర్లు వచ్చాయి.

ఫోన్ అక్క చేతికిచ్చాను. ఆమె వేలు మొదటి కార్డు మీదే ఆగింది. మా ఆయన పేరు, గ్రూపు, షిఫ్టు. రెండుసార్లు చదివింది. తిడుతుందని నిలబడ్డాను. తిట్టినా బాగుండేది.

"తమ్ముడు రాత్రి డ్యూటీ దిగొచ్చి పండుకున్నడని, గా పొద్దు మీ ఇంటి ముందట ఆటోను హారన్ గూడ కొట్టనియ్యలే చెల్లె," అంది.