గోపాల్‌పూర్‌లో ముందుగది

మా టిట్లాగఢ్‌లో వైశాఖం వచ్చిందంటే మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా స్టేషను రోడ్డు మీద కుక్క కూడా కనపడదు. ఆ నాలుగ్గంటలూ టంకధర్ బారిక్ సెలూన్లో జనం కిక్కిరిసి ఉండేవాళ్ళు. క్షవరానికి కాదు, అక్కడ కూలర్ ఉంది కాబట్టి. ఆ పక్కదే నా సైకిలు షాపు. మా తాత పార్వతీపురం నుంచి రైలు పట్టాల పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. కాబట్టి ఈ ఎండ మాకు ఆయనిచ్చిన ఆస్తి.

టంకధర్ మంచివాడు. చేతి పని శుభ్రం, నోరు ఇంకా శుభ్రం. నలుగురినీ అడగనిదే అడుగు వెయ్యలేకపోవడం ఒక్కటే అతని జబ్బు. కుర్చీలో కూర్చున్నవాడి గడ్డానికి నురగ రాసి, కత్తి చేతిలో పట్టుకుని సలహా అడిగేవాడు. అలాంటప్పుడు ఎవడైనా ఆలోచించే చెబుతాడు.

అతని భార్య సైరేంద్రికి వరసగా రెండు వేసవులు వడదెబ్బ తగిలింది. మొదటిసారి కుళాయి దగ్గర పడిపోయి గంటలో లేచింది. రెండోసారి ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇంటికొచ్చాక కూడా మాట ముద్దగా వచ్చేది, గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికేది. మూడోసారి తట్టుకోలేదు, వచ్చే ఎండల్లోగా ఈమెని ఇక్కణ్ణుంచి తీసుకుపొమ్మని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

ఎక్కడికి? టంకధర్‌కి తెలిసిన చల్లటి చోటు ఒక్కటే, గోపాల్‌పూర్. అక్కడ అతని మహాప్రసాద్ సీమాంచల్ ఉన్నాడు.

సీమాంచల్ గంజాం వైపు మనిషి. మా స్టేషన్లో పందొమ్మిదేళ్ళు పాయింట్స్‌మన్‌గా చేసి, రిటైరయ్యాక గోపాల్‌పూర్లో సొంత ఇంటికి చేరాడు. ఇక్కడ ఉండగానే వీళ్ళిద్దరూ పూరీ గుడి ప్రసాదం ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుని మహాప్రసాద్‌లయ్యారు, అంటే జన్మంతా తెగని నేస్తం. ఇక పేర్లుండవు, ఆ పిలుపే ఉంటుంది. ఒకరింట చావొస్తే రెండో ఇంట్లోనూ మైల పడతారు. ఒకరు నోరు తెరిచి అడిగింది రెండోవారు కాదనకూడదు. ఇవన్నీ ఇక్కడ పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

ఆ ఏడాదంతా సెలూన్లో ఇదే తూకం. సముద్రపు గాలి ఒంటికి మంచిదని ఒకరు, కత్తులు తుప్పు పడతాయని ఇంకొకరు. చేపలు చవకని ఒకరు, కొత్త ఊళ్ళో నీకు తల అప్పగించేదెవరని ఇంకొకరు. వేసవి నాలుగు నెలలకే వెళ్ళిరమ్మని నేనన్నాను. అది కుదరదన్నాడు. ముప్ఫై రెండు ఇళ్ళ క్షౌరం అతనిది. ఆ ఇళ్ళలో పెళ్ళయినా, పురుడైనా, పదోరోజు శుద్ధయినా అతని కత్తే ఆడాలి. పెళ్ళిళ్ళన్నీ ఆ నాలుగు నెలల్లోనే. వెళితే ఇళ్ళు ఇంకొకరికి అప్పజెప్పి వెళ్ళాలి, ఒకసారి అప్పజెప్పాక అవి తిరిగిరావు.

పినతండ్రి కొడుకు ఝసకేతన్‌కి మాత్రం ఏ అనుమానమూ లేదు.

"వెళ్ళు దాదా. వదిన ప్రాణం కంటే ఇళ్ళు ఎక్కువా?" అనేవాడు రోజూ వచ్చి.

అందులో అబద్ధమేం లేదు. కాకపోతే ఆ ముప్ఫై రెండు ఇళ్ళూ చేరేది వాడికే. నాకు వాడంటే అప్పటికీ పడదు, ఇప్పటికీ పడదు.

చలికాలంలో ఒకసారి చూసివద్దామని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. గోపాల్‌పూర్లో దిగగానే టంకధర్ ఇసకలో నిలబడి, చొక్కా గుండీలు విప్పుకుని, ఈ గాలి తగిలితే సైరేంద్రి నెలలో లేచి తిరుగుతుందని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాకూ అలాగే అనిపించింది. భోజనాలయ్యాక నెమ్మదిగా సీమాంచల్‌ని అడిగాడు. మీ ముందుగదిలో సెలూన్ పెట్టుకుని, వెనక వసారాలో మేమిద్దరం ఉండొచ్చా అని.

"అదేం మాట మహాప్రసాద్? ఆ గది ఖాళీగానే ఉంది. వచ్చెయ్యి," అన్నాడు సీమాంచల్. రెప్ప వేసినంతసేపు కూడా ఆలోచించలేదు.

అప్పటిదాకా తలుపేసి ఉన్న ఆ గదిని మర్నాడు పొద్దున చూశాను. ఖాళీగానే ఉంది. కానీ గచ్చు మీద కుట్టుమిషను కాళ్ళు ఆనిన మచ్చలున్నాయి, గడప సందులో ఎర్ర దారప్పోగులు ఇరుక్కున్నాయి. వడ్డించిన కోడలు మళ్ళీ మా ఎదటికి రాలేదు. తిరుగు రైల్లో ఈ సంగతి ఎత్తాను.

"ఖాళీగా ఉందని మహాప్రసాద్ చెప్పాడుగా," అన్నాడు టంకధర్.

"నువ్వడిగావని రాత్రికి రాత్రి ఖాళీ చేయించాడేమో."

"నువ్వు తెలుగువాడివి. ఇది నీకు అర్థం కాదులే."

మూడు తరాలుగా ఈ ఊరి అన్నం తింటున్నవాణ్ణి. ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అయితే నీ చావు నువ్వు చావు అనుకుని కిటికీ వైపు తిరిగాను. ఇంకో రెండు మాటలు గట్టిగా అనవలసింది. ఆరోజు నా పంతం నాకు ముఖ్యమైంది, అందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

ఫాల్గుణంలో కులపెద్దల ఎదట కొబ్బరికాయ, వక్క చేతిలో పెట్టి ఇళ్ళన్నీ ఝసకేతన్‌కి అప్పజెప్పాడు. సెలూన్ ఖాళీ చేస్తే అందులో సెల్‌ఫోన్ల కొట్టు వచ్చింది. చైత్రం రాకముందే మొగుడూ పెళ్ళాలు వెళ్ళిపోయారు.

గోపాల్‌పూర్లో కత్తులు నిజంగానే తుప్పు పట్టాయి. రోజుకి నలుగురైదుగురు వస్తే గొప్ప. కానీ సైరేంద్రి లేచి కూర్చుంది. జ్యేష్ఠమంతా పఖాళ, అదే చద్దన్నం నీళ్ళు, తాగుతూ, సాయంత్రాలు ఇసకలో నడుస్తూ గడిపేసింది. మాట తేటపడింది. మా ఆవిడకి ఫోన్ చేసి, ఇక్కడ చెమటలకి చీర ఆరదు గానీ ప్రాణానికి ఢోకా లేదని నవ్వేది. ఇంకేం కావాలి? నేను చూసిన దారప్పోగుల మాట నేనే మర్చిపోదామనుకున్నాను.

వీళ్ళు వెళ్ళిన వారానికే సీమాంచల్ కోడలు ఛత్రపూర్లో పుట్టింటికి వెళ్ళింది. పురిటికని చెప్పారు. సైరేంద్రి పాత మెత్తటి చీరలు చింపి పొత్తిగుడ్డలు కుట్టి దాచింది. నుఆఖాయి కొత్తబియ్యం పండగ వెళ్ళింది, దసరా వెళ్ళింది, కార్తీకం వచ్చింది. ఆ పురుడు మాత్రం రాలేదు. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు. సీమాంచల్ కొడుకు ఆదివారమాదివారం ఛత్రపూర్ వెళ్ళి, మొహం వేలాడేసుకుని తిరిగొచ్చేవాడు. వీళ్ళ కంచాల్లోకి మాత్రం చేప ముక్క ముందుగా వచ్చేది. ఒక్కరోజు కూడా ఒక్క పరుషమైన మాట లేదు.

కార్తీక పూర్ణిమ ముందు ఒకామె జాకెట్టు గుడ్డలు పట్టుకుని సెలూన్ గుమ్మంలోకి వచ్చింది. లోపల ఇంకా అద్దం, కుర్చీ ఉండటం చూసి, పండక్కయినా కోడలమ్మాయి తిరిగి రాలేదా అని సైరేంద్రిని అడిగింది. ఆరేళ్ళుగా ఆ ముందుగదిలోనే కుడుతుందట, ఊళ్ళో సగం జాకెట్లు ఆమెవేనట. పురిటికి వెళ్ళిందిగా అంటే, ఆమె నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఏం పురుడమ్మా, తన గది పోయిందని అలిగి మిషనుతో సహా పుట్టింటికి పోయింది, మీకెవరూ చెప్పలేదా అంది.

తర్వాత జరిగింది టంకధరే నాకు చెప్పాడు. ఆ సాయంత్రం సీమాంచల్ పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఇతను వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"అడిగినరోజే వీలుకాదని ఒక్క మాట అనుంటే సరిపోయేది కదా, మహాప్రసాద్."

సీమాంచల్ చెంబు కింద పెట్టాడు.

"నేను కాదనకూడదని నీకు తెలుసు. తెలిసీ అడిగావు."

టంకధర్ వంగి ఆ చెంబు అందుకోబోయాడు.

"కాదనకుండా ఉండడం నా పని. అడక్కుండా ఉండడం నీ పని. నా పని నేను చేశాను," అన్నాడు సీమాంచల్. కోపం లేదట గొంతులో. ఉంటే బాగుండేదన్నాడు టంకధర్.

ఏడాది పాటు ఊరందర్నీ అడిగాడు. గాలి తూచాడు, చేపలు తూచాడు, తుప్పు తూచాడు. అడగవలసిందల్లా తనని తను, ఈ మాట అడగొచ్చా అని. అది మేమెవరమూ తూకంలో వెయ్యలేదు.

ఆ ఊళ్ళోనే వేరే గది చూసుకోవచ్చు. చూసుకుంటే మహాప్రసాద్ ఇంట్లోంచి గెంటేశాడని ఊరంతా చెప్పుకుంటుంది. టంకధర్ మళ్ళీ కొట్టుమిట్టాడుతుంటే సైరేంద్రే మూట కట్టింది. ఒక పిల్ల కాపురం తీసి ఆ చోట కూర్చుని గాలి పీల్చలేనంది. మాఘంలో తిరిగొచ్చారు. వాళ్ళొచ్చిన నాలుగోరోజుకే కోడలు మిషనుతో సహా అత్తారింటికి చేరిందని తెలిసి, సైరేంద్రి మా ఆవిడ దగ్గర కూర్చుని సంతోషపడింది.

ఇళ్ళ సంగతి ఎత్తితే ఝసకేతన్ పళ్ళికిలించాడు. "కొబ్బరికాయ తినేశాం కదా దాదా, ఇప్పుడెక్కణ్ణుంచి తేను?" అన్నాడు. టంకధర్ బస్టాండు పక్కన రేకుల నీడన కుర్చీ వేసుకున్నాడు. ఎండ తక్కువ ఉండాలని నేను దేవుడికి మొక్కాను. ఆ ఏడు మామూలు కంటే ఎక్కువ కాసింది. జ్యేష్ఠం మూడోవారం, మధ్యాహ్నం ఒంటిగంటకి, రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళుతుంటే దారిలోనే సైరేంద్రి పోయింది.

పదోరోజు సీమాంచల్ వచ్చాడు. మైల పట్టినవాడు కాబట్టి తనూ గుండు చేయించుకున్నాడు. టంకధర్ ఇల్లు కూడా ఇప్పుడు ఝసకేతన్ లెక్కలోదే, ఇద్దరి తలలూ వాడే గీశాడు. అన్నాలయ్యాక సీమాంచల్ అందరి ఎదటా టంకధర్ చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్కడివీ ఇక్కడేం చేస్తావు? నాతో వచ్చెయ్యి మహాప్రసాద్. ముందుగది ఖాళీగానే ఉంది."

అక్కడున్నవాళ్ళం తలలు దించుకున్నాం. టంకధర్ ఈసారి ఎవరి సలహా కోసమూ చూడలేదు.

"సరే మహాప్రసాద్. వస్తాను," అన్నాడు.

సాయంత్రం బండికి సీమాంచల్‌ని నేనే తీసుకెళ్ళాను. బండి వస్తుండగా నా వైపు తిరిగాడు.

"రాడు కదా?"

"రాడు," అన్నాను.

అతను గుండెల్లోంచి ఊపిరి వదిలాడు. బరువు దిగినవాడిలా వదిలాడు. వదిలింది నేను చూశానని తెలిసి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, బండి ఎక్కేదాకా ఏడ్చాడు.