ఇంటి నుంచి ఒక ప్రశ్న

మొన్న వానలో ఒక ముసలాయన గోనెసంచి నెత్తిన కప్పుకుని మా ఆసుపత్రి వరండాలోకి వచ్చాడు. పేరు సన్యాసి. తడిసిన గోనె వాసన గుప్పుమంది. నార, నూనె, కాస్త మట్టి కలిసిన ఆ వాసన తగిలితే నాకు పుట్టింట్లో ఉన్నట్టే ఉంటుంది. నేనక్కడ నర్సుని. ఆయన నెల్లాళ్ళుగా షుగరుకి సూదిమందు వేసుకుంటున్నాడు. ఎంత వేసుకోవాలో, ఎప్పుడు తినాలో మరోసారి గడగడా చెప్పేశాను. ప్రతి మాటకీ "అలాగే తల్లీ" అని తలూపాడు. బయట ఇంకా ఇరవై మంది ఉన్నారు, ఆయన్ని అక్కడితో పంపేయవచ్చు. కానీ అన్నిటికీ తలూపే మనిషికి మనం ఇంకా ఏమీ చెప్పనట్టేనని నాకు నేర్పిన అప్పలస్వామి మాస్టారు ఆ వాసనతోపాటే గుర్తొచ్చారు.

మాస్టారు నెల్లిమర్లలో మాకు ఎనిమిదో తరగతి సైన్సు చెప్పేవారు. శ్రీకూర్మం పక్క పల్లె ఆయనది. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. సొంత ఊరి మాటని బడి గుమ్మం దగ్గర వదిలేసి లోపలికి వచ్చే అలవాటు ఆయనకి లేదు. ఆయన ఇచ్చే ఇంటిపని ఒక్కటే. ఆ రోజు పాఠం ఇంట్లో ఎవరికైనా చెప్పాలి, వాళ్ళు అడిగిన ప్రశ్న ఒకటి మర్నాడు పట్టుకురావాలి. "జవాబులు పుస్తకంలో బోల్డు ఉన్నాయి. ప్రశ్న మాత్రం మీ ఇంట్లోనే దొరుకుతాది" అనేవారు.

నాకు ఆ పనంటే చచ్చే నామోషీ. క్లాసులో ఫస్టు నేనే. ఏ పాఠమైనా అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేదాన్ని. మా అమ్మ సూరీడమ్మ జూట్ మిల్లులో గోగునార మెత్తబరిచే చోట పనిచేసేది. సంతకం కూడా రాదు. ఇంటికొచ్చేసరికి తలనిండా నారపీచు. ఆవిడ సైన్సులో నన్నేం అడుగుతుందిలే అని ప్రశ్నలు నేనే తయారుచేసి, అమ్మ పేరు పెట్టేసేదాన్ని. ఆ ఏడాది విజయనగరంలో సైన్సు ప్రదర్శనకి మా క్లాసు నుంచి ఒక్కరినే పంపుతారట. మంచి ప్రశ్న తెచ్చినవాళ్ళే వెళ్తారని మాస్టారు చెప్పారు. ఆ ఒక్కరూ నేనే కావాలి. ఇంకెవరైనా వెళ్తే తట్టుకోలేను, అంత పొగరు నాకు.

ఘర్షణ పాఠం అయిన మర్నాడు లేచి దర్జాగా చదివాను. "ఘర్షణ వలన కలుగు లాభనష్టములను వివరింపుము."

మాస్టారు కోప్పడలేదు. "మీ అమ్మ ఇలాగే అడిగిందేటి?" అన్నారు. అవునండి అన్నాను. "మరి నిన్న కూర ఏటొండిందో కూడా ఇలాగే సెప్పిందా?" క్లాసంతా గొల్లుమంది. నాకు తల కొట్టేసినట్టయింది. బడి విడిచాక పిలిచి, "పైడీ, నువ్వు అప్పజెప్తన్నావు గానీ సెప్పడం లేదే. ఎదటి మనిషి మొహం సూసి మాటాడితే అది సెప్పడం. గోడకైనా మనిషికైనా ఒకేలా వాగితే అది అప్పజెప్పడం" అన్నారు. "మా అమ్మకి ఏమీ తెలీదండి" అన్నాను ఏడుపు ఆపుకుంటూ. "తెలీదని నీకెలా తెలుసు? ఎప్పుడైనా అడిగేవా?" అన్నారాయన.

ఆయన మీద కోపంతో ఇంటికెళ్ళాను. అమ్మ గుమ్మంలో కూర్చుని జుట్టులోంచి పీచు ఏరుకుంటోంది. మూతి ముడుచుకునే పాఠం చెప్పాను. రాపిడి ఉంటే వస్తువు ఆగుతుందనీ, నూనె రాస్తే రాపిడి తగ్గి జారిపోతుందనీ. అమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఓలమ్మ, మరయితే మా మిల్లులో నారకి నూనె, నీళ్ళు కలిపి కొడతాం గదే! ఆ నారతోనే గదా దారం తీస్తారు. నూనె జారుడయితే ఆ పోగులు ఊడిపోకుండా ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటన్నాయి?"

పుస్తకం తిరగేశాను, అందులో లేదు. ఇన్నాళ్ళూ ఈ బుర్రని పక్కన పెట్టుకుని నేను దొంగ ప్రశ్నలు రాశానా అని సిగ్గేసింది.

మర్నాడు అమ్మ అడిగిన మాటని అలాగే అడిగాను. మాస్టారు ప్రశ్నని బోర్డు మీద రాశారు. దాని కింద "నాకు తెలీదు" అని రాశారు. ఒక పెద్దాయన ఆ మాట సుద్దముక్కతో రాయడం మేమెవరమూ అంతకుముందు చూడలేదు.

ఆదివారం ఆయనే మా ఇంటికి వచ్చి నేల మీద చాప వేయించుకున్నారు. "సూరీడమ్మా, నువ్వడిగిందానికి నాకు జవాబు రాలేదు. కాస్త నార సూపించు." అమ్మ గాభరాపడింది. "సదువు లేనిదాన్ని బాబూ, నానేటి సెప్తాను?" "నువ్వు రోజూ సేసేదే సెప్పమ్మా." అమ్మ ఇంట్లో ఉన్న నారలోంచి నాలుగు పోగులు తీసి లాగింది, విడిపోయాయి. వాటినే మెలి తిప్పి లాగింది, రాలేదు. "మెలి పడితే ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి బాబూ. లాగినకొద్దీ బిగుసుకుంటాయి. నూనె కొట్టకపోతే నార పెళుసు, మెలి తిప్పకముందే ఇరిగిపోతాది." మాస్టారు తానూ పేనబోయారు, వదులైపోయింది. "అలా కాదు బాబూ" అని అమ్మ ఆయన చేతిలోంచి తీసుకుని మళ్ళీ చూపించింది. మా మాస్టారికి మా అమ్మ పాఠం చెబుతోంది! ఆ పూట నేను పడ్డ గర్వం ఆ తర్వాత ఏ మార్కులకీ పడలేదు.

పాత ప్రశ్నలన్నీ నేనే రాశానని ఆయనతో ఒప్పేసుకున్నాను. "తెలుసే. ఇప్పుడు నిజెం తెచ్చేవు గదా, ఎల్లు" అని నన్నే విజయనగరం పంపారు. అక్కడ పరీక్షకురాలు ఎదురుగా నిలబడేసరికి బట్టీ పట్టిందంతా ఎగిరిపోయింది. ఆవిడ చేతిలో నాలుగు పోగులు పెట్టి, "లాగి చూడండి" అన్నాను. ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. బహుమతి రాలేదు. అయితే ప్రదర్శనలో పెట్టిన మా చార్టు అడుగున మాస్టారు పెద్ద అక్షరాలతో రాసిన మాట మాత్రం ఇంటికొచ్చింది: "ప్రశ్న అడిగినవారు: సూరీడమ్మ, జూట్ మిల్లు కార్మికురాలు." "నా పేరెక్కడున్నాదే?" అని అడిగి, అమ్మ ఆ అక్షరాల మీద వేలు పెట్టి నెమ్మదిగా చివరిదాకా తడిమింది.

మాస్టారు పోయి రెండేళ్ళయింది. మొన్న వరండాలో నేను సన్యాసి తాత పక్కన బెంచీ మీద కూర్చున్నాను. "తాతా, ఇంటికెళ్ళి మీ కోడలికి ఏటని సెప్తావు?" అన్నాను. ఆయన తల ఊపడం మానేశాడు. "అంతా బాగానే ఉన్నాది గానీ తల్లీ, పొలం పనికెళ్ళిన రోజు ఒళ్ళు వణికి కళ్ళు తిరుగుతన్నాయి. ఆ రోజు కూడా ఇంతే మందు ఏసుకోవాలా?" అన్నాడు. నెల రోజులుగా చెబుతున్నాను, ఈ మాట నేను అడగనే లేదు.

"నాకు తెలీదు తాతా. కూకో, డాక్టరమ్మని అడిగొస్తాను" అన్నాను. డాక్టరమ్మ స్వయంగా వచ్చి ఆయన్ని చూసి, మందు మార్చి రాసింది. ఆయన వెళ్ళబోయే ముందు, గోడకి అంటించిన సూచనల కాగితం మీద ఖాళీ జాగాలో ఇంకో వాక్యం చేర్చాను: "పొలం పని చేసే రోజు మందు ఎంత వేసుకోవాలో ముందే అడగండి." దాని కింద మరో ముక్క రాశాను.

గోనెసంచి నెత్తిన సర్దుకుంటూ తాత ఆగాడు. "అదేటి తల్లీ, కిందన రాసేవు?"

"ప్రశ్న అడిగినవారి పేరు తాతా. నీ పేరే."

ఆయన వేలు చాపాడు. ఆ వేలు పట్టుకుని, పేరు ఎక్కడ మొదలవుతుందో చూపించాను.