గంగులయ్య పడవ కుదిర్చిన వైనం

కువైట్‌లోని సల్వాలో ఒక అరబ్బుల ఇంటి డ్రైవరు గంగులయ్యకు సముద్రమంటే పడదు. రాయచోటి దగ్గర పల్లెలో, బావుల్లో నీళ్ళకంటే రాళ్ళే ఎక్కువ కనిపించే చోట పుట్టి పెరిగినవాడు. ఈత రాదు. కువైట్ వచ్చి ఇరవై ఏళ్ళు కావస్తున్నా, ఒడ్డున బండి ఆపాల్సి వస్తే ఇప్పటికీ సముద్రానికి వీపు పెట్టే ఆపుతాడు. అలాంటి మనిషిని పిలిచి, భూగోళానికి అవతలి పక్కనున్న కరీబియన్ సముద్రంలో మునగడానికి మంచి పడవ చూసిపెట్టమన్నారంటే, తప్పు పిలిచినవాళ్ళదే గాని గంగులయ్యది కాదు.

పిలిచింది మామా. ఇంటికి పెద్దావిడ, డెబ్బై దాటినా గొంతులో జోరు తగ్గలేదు. పనివాళ్ళంతా ఆమెను అక్కడి అలవాటు ప్రకారం, అమ్మ అనే అర్థంలో, మామా అనే అంటారు. ఆమెకు గంగులయ్య మీద గురి కుదరడానికి కారణం ఒక గేర్‌బాక్సు. ఆ మధ్య షువైఖ్‌లో ఒక గ్యారేజీవాడు గేర్‌బాక్సు మొత్తం పోయింది, కొత్తది వెయ్యాలన్నాడు. గంగులయ్య బండిని అక్కణ్ణుంచి లాక్కుపోయి, ఇంకొకడి దగ్గర చిన్న పైపు ముక్క మార్పించి తోలుకొచ్చాడు. అంతే, ఆనాటి నుంచి వాషింగ్ మిషను కొనాలన్నా, పళ్ళ డాక్టరును మార్చాలన్నా, మామా నోట ఒకటే మాట: "గంగూని అడగండి." చిన్నకూతురికి వచ్చిన సంబంధం గురించి కూడా అడిగింది. పెళ్ళికొడుకు బండి తోలే తీరు చూసి గంగులయ్య పెదవి విరిచాడు. ఆ సంబంధం అక్కడితో ఆగిపోయింది.

ఇప్పుడు మనవరాలు దానా వంతు వచ్చింది. నర్సరీ నుంచి కాలేజీ దాకా దానాను దింపిందీ తెచ్చిందీ గంగులయ్యే. చదువు పూర్తయిందని స్నేహితురాళ్ళతో కలిసి ఓడలో విహారానికి బయల్దేరుతోంది. ఓడ కొజుమెల్, గ్రాండ్ కేమన్, రొవటాన్ అనే మూడు ఊళ్ళలో ఆగుతుందట. ఆగిన చోటల్లా వీపున గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుగుకు దిగి చేపల్ని చూస్తుందట. ఇక్కడే కువైట్‌లో ఆ విద్య నేర్చుకుని కార్డు కూడా తెచ్చుకుంది. ఓడవాళ్ళే పడవలు ఏర్పాటు చేస్తారు గాని, గొర్రెల్ని తోలినట్టు అందర్నీ ఒక్కసారే నీళ్ళలోకి తోలతారని దానాకు నచ్చలేదు. ఆయా ఊళ్ళలో పడవలవాళ్ళను విడిగా మాట్లాడుకుంటానంది. దాంట్లో ఒక చిక్కుంది. వాళ్ళు తిరిగి తీసుకురావడం ఆలస్యమైతే ఓడ ఎవరి కోసమూ ఆగదు.

"మోసగాళ్ళుంటారు," అంది మామా. "గంగూ మంచివాడన్న వాడి పడవే ఎక్కు. గంగూ వద్దంటే ఓడలోనే కూర్చుని సినిమాలు చూసుకో."

"నాకు నీళ్ళ సంగతి ఏం తెలుసు మామా? బోరు నీళ్ళు తప్ప ఇంగే నీళ్ళూ ఎరగనోణ్ణి," అని మొత్తుకున్నాడు గంగులయ్య.

"గేర్‌బాక్సు సంగతి మాత్రం నీకు తెలుసా? మనుషుల సంగతి తెలుసు. యల్లా, కదులు!"

దానా అతని వెనకాలే వాకిట్లోకి వచ్చింది. "గంగూ, ఎవరో ఒకరికి సరేనని చెప్పు. కాలేజీలో చేరినప్పటి నుంచి ఈ ప్రయాణం గురించే కలలు కంటున్నా," అంది. చిన్నప్పుడు ఐస్‌క్రీం కోసం బండి ఆపమన్నప్పటి మొహమే పెట్టింది. ఆ మొహానికి కాదనడం గంగులయ్యకు ఏనాడూ చేతకాలేదు.

నీళ్ళ విషయంలో గంగులయ్య ఎరిగిన పండితుడు ఒక్కడే. కోనసీమ వెంకటసత్యనారాయణ సాల్మియాలో ఒక షికారు పడవ మీద పనిచేస్తాడు. తాను నడక కంటే ముందు ఈత నేర్చానని చెప్పుకుంటాడు. శుక్రవారం సాయంత్రం అతని గదిలో ఇద్దరూ టీ గ్లాసులు ముందు పెట్టుకుని కూర్చున్నారు. దానా ఇచ్చిన నంబర్లు గంగులయ్య ఫోన్లో ఉన్నాయి.

"ఇందులో ఏవుందండీ గంగులయ్యగారూ!" అన్నాడు సత్యనారాయణ. "గోదారి దాటాలంటే మేం పడవని చూడవండి, నడిపేవోణ్ణి చూత్తావండి. మీరు ఫోను కలపండి, నే చెప్తాను."

"మా పక్క దాటేదానికి ఏరే ల్యాబ్బా. నువ్వు చెప్పు, నేను అడుగుతా."

మొదట కొజుమెల్ మనిషికి కలిపారు. ఎంత నవ్వు మొహమో గొంతులోనే తెలిసిపోయింది. పడవలో ఎంతమందిని ఎక్కిస్తావంటే "నో ప్రాబ్లమ్, మై ఫ్రెండ్" అన్నాడు. ఓడ కదిలేలోపు తెచ్చి దింపుతావా అంటే "నో ప్రాబ్లమ్" అన్నాడు. అమ్మాయి కార్డు పంపమంటావా అని గంగులయ్య అడిగితే, "కార్డు ఉన్నా సరే, లేకున్నా సరే, నో ప్రాబ్లమ్" అన్నాడు.

గంగులయ్య మనసు వెన్నలా కరిగిపోయింది. ఇన్నేళ్ళుగా ఇఖామా చూపించు, లైసెన్సు చూపించు, సివిల్ ఐడీ చూపించు అన్నవాళ్ళే గాని, కాగితం లేకున్నా పర్వాలేదు రమ్మన్న మహానుభావుణ్ణి అతను కలలో కూడా చూడలేదు.

"ఎంత మంచోడబ్బా! ఒక్క కాయితం అడగల్యా!" అన్నాడు.

"దేవుడండీ," అన్నాడు సత్యనారాయణ.

తర్వాత గ్రాండ్ కేమన్. ఒక ఆడమనిషి ఎత్తింది. అమ్మాయి ఇంతవరకు ఎన్నిసార్లు నీళ్ళలో దిగింది? ఆఖరుసారి ఎప్పుడు? ఎంత లోతు? ఓడ ఎన్నింటికి కదులుతుంది? మధ్యాహ్నం పూట అయితే తీసుకెళ్ళను, పొద్దుటే రావాలి. ఆరుగురికి మించి ఎక్కించుకోను. కార్డు ముందే పంపాలి. ఇలా ప్రశ్న మీద ప్రశ్న వేస్తుంటే గంగులయ్యకు నడిరోడ్డున పోలీసులు బండి ఆపినట్టు చెమట పట్టింది. చివరికి ఆమె "ఆస్తమా ఉందా? గుండె జబ్బు? ఆపరేషన్లు? మందులేమన్నా వాడుతుందా?" అని అడిగింది.

గంగులయ్య కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. "నో ఆస్తమా! నో షుగర్! నో బీపీ! నో ఆపరేషన్! ఫుల్ ఫిట్ మేడమ్!" అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు.

ఇక్కడ అతని తరపున ఒక మాట చెప్పాలి. అబద్ధమాడాలని ఆడలేదు పాపం. గల్ఫ్‌కు వచ్చిన మనవాళ్ళలో ఆ ప్రశ్నలకు వేరే జవాబు తెలిసినవాడు ఎవడు? ఊరు దాటకముందే మెడికల్ అంటారు. ఒళ్ళంతా పరీక్షలు చేసి ఫిట్ అని రాస్తే విమానం, అన్‌ఫిట్ అని రాస్తే వచ్చిన బస్సే. గంగులయ్యతో పాటు మద్రాసు వెళ్ళిన బావమరిది నరసింహులు ఎప్పుడో తగ్గిపోయిన దగ్గు గురించి డాక్టరుకు నిజం చెప్పాడు. ఇప్పటికీ ఊళ్ళో గేదెలు తోలుకుంటున్నాడు. అప్పటినుంచి ఎవరు ఏ జబ్బు పేరెత్తినా గంగులయ్య నోరు దానంతట అదే లేదంటుంది.

"బ్రెమ్మాండంగా చెప్పేరండీ!" అన్నాడు సత్యనారాయణ. "అడిగిందల్లా లేదనెయ్యడవేనండి."

"ఆ యమ్మ పడవ నడపతాందా, ఎంబసీ నడపతాందా?" అని గంగులయ్య చెమట తుడుచుకున్నాడు.

రొవటాన్ వాడు ఫోనెత్తలేదు. చేతినిండా పనున్నవాడు కాబట్టి నమ్మదగినవాడేనని ఇద్దరూ తీర్మానించారు. నో ప్రాబ్లమ్ మనిషికి మొదటి స్థానం, ఫోనెత్తనివాడికి రెండోది, కేమన్ ఆమెకు చిట్టచివరిది. పెద్ద పని చక్కబెట్టినవాళ్ళలా ఇంకో టీ తాగి లేచారు.

మర్నాడు దుమ్ముగాలి లేచింది. దానాను సాల్మియా నుంచి ఇంటికి తెస్తున్నాడు గంగులయ్య. ఆకాశం, రోడ్డు ఒకటే పసుపురంగు. వెనక సీట్లో దానాకు దగ్గు మొదలైంది, దగ్గు వెనకే పిల్లికూతలు. మాట లేకుండా చెయ్యి ముందుకు చాపింది. గంగులయ్య కూడా చూడకుండానే డాష్‌బోర్డు తెరిచి ఇన్‌హేలర్ తీశాడు. ఆ పిల్ల ఒకటో తరగతి నుంచి వాళ్ళిద్దరి మధ్య జరిగే పనే ఇది. ఆలోచించాల్సిన అవసరమే ఎప్పుడూ రాలేదు.

ఇన్‌హేలర్ ఆమె చేతికి అందించాక గంగులయ్యకు నిన్న కేమన్ ఆమెకు చెప్పిన 'నో ఆస్తమా' గుర్తొచ్చింది. బండిని పక్కకు తీసి ఆపేశాడు.

"దానాపాపా! నీళ్ళ అడుగున ఇట్ల వస్తే ఏం చేస్తావు?"

"రాదు గంగూ. అది చిన్నప్పటిది. ఇప్పుడు దుమ్ము లేస్తే తప్ప రావడం లేదు."

"కార్డు ఇచ్చేటప్పుడు వాళ్ళు అడగల్యా?"

"అడిగారు. లేదన్నాను." ఆమె గొంతు తగ్గించింది. "నిన్న నిన్నూ అడిగారా? నువ్వేమన్నావు?"

"నేనూ లేదనే అంటి."

"ఇంకేం మరి! ఖలాస్!" అని దానా నవ్వేసింది. గంగులయ్యకు నవ్వు రాలేదు.

ఇల్లు చేరగానే సత్యనారాయణకు ఫోన్ చేశాడు. ఉబ్బసం ఉన్నవాళ్ళు మునిగితే ఏమవుతుందని అడిగాడు. ఎప్పుడూ వాగే మనిషి ఈసారి ఆచితూచి చెప్పాడు.

"మా పడవ కెప్టెన్ ఖలీల్‌గారు డాట్టరు కాయితం లేకుండా అలాంటోళ్ళని దిగనివ్వరండి. పైన ఊపిరాడకపోతే కూర్చోబెట్టి ఇసురుతావండి. అడుగున ఎవరిసురుతారండీ?"

"మరి నిన్న ఆ యమ్మ అడుగుతాంటే నువ్వు నోట్లో ఏం పెట్టుకున్న్యావబ్బా?"

"నేనూ మెడికలే అనుకున్నానండి," అన్నాడు సత్యనారాయణ నీరసంగా.

గంగులయ్య గదిలో అటూ ఇటూ తిరిగాడు. నిజం చెబితే ఆ పిల్లను అన్‌ఫిట్ చేసేది తనే. ఆ మాట మనిషిని ఏం చేస్తుందో నరసింహులు మొహంలో చూశాడు. చెప్పకపోతే, భూమికి అవతల, నీళ్ళ కింద, దానా చెయ్యి చాపినా అందించడానికి తను ఉండడు. ఆ రెండోదాన్ని తలచుకోగానే ఇంక ఆగలేదు. కేమన్‌కు ఫోన్ కలిపాడు.

"మేడమ్, యస్టర్‌డే ఐ స్పీక్ రాంగ్. బేబీ ఆస్తమా హ్యావ్."

తిడుతుందనుకున్నాడు. ఆమె తిట్టలేదు. చెప్పినందుకు థాంక్స్ అంది. ఊపిరితిత్తుల డాక్టరు పరీక్ష చేసి సరేనంటే రమ్మంది, కాదంటే మాత్రం ఎవరు బతిమాలినా ఎక్కించుకోనంది. ఇదీ మాట, అనుకున్నాడు గంగులయ్య. ఎందుకైనా మంచిదని కొజుమెల్ మనిషికి కూడా అదే సంగతి చెప్పాడు.

"నో ప్రాబ్లమ్, మై ఫ్రెండ్! ఉప్పునీళ్ళు ఆస్తమాకు చాలా మంచిది!"

గంగులయ్య ఫోన్ కట్ చేసి, తెలుగులో ఒక మాటన్నాడు. అది ఇక్కడ రాయడం కుదరదు.

ఆ రాత్రి భోజనాలు కాకముందే మామా అడిగింది. దానా పక్కనే ఉంది.

"చెప్పు గంగూ, ఎవరు మంచివాళ్ళు?"

"మన బిడ్డను రావద్దన్న ఆమే మంచిది మామా," అన్నాడు తల వంచుకుని. ఉన్నదంతా చెప్పేశాడు.

దానా చెంచా పళ్ళెంలో పడేసి లేచి వెళ్ళిపోయింది. తర్వాత మామా తీసుకెళ్ళి చూపిస్తే, డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఈ ఏడాది మునగడం కుదరదు, పైపైన ఈదుకోమన్నాడు. ఆనాటినుంచి ఆ పిల్ల గంగులయ్యతో మాట్లాడలేదు. విమానాశ్రయంలో పెట్టెలు కూడా అతన్ని ముట్టుకోనివ్వలేదు. ఎత్తుకుని బడికి తీసుకెళ్ళిన పిల్ల అలా మొహం తిప్పుకుని పోతుంటే గంగులయ్యకు ఏడుపొచ్చింది. బండిలో కూర్చుని కాసేపు ఏడ్చే ఇంటికొచ్చాడు.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం ఫోన్ మోగింది. దానా. వెనకాల నీలం నీళ్ళు, ఒక పడవ, పడవలో నవ్వుతూ చెయ్యూపుతున్న ఒకాయన.

"గంగూ, నీ నో ప్రాబ్లమ్ మనిషి ఇదిగో. ఏ కాగితమూ అడగడం లేదు. మావాళ్ళంతా ఎక్కేశారు. ఇక్కడ ఎవరికీ తెలీదు." ఆమె ఫోన్ మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. "ఎక్కనా?"

ఎక్కాలనుకుంటే అడక్కుండానే ఎక్కి ఉండొచ్చు. గంగులయ్యకు ఆ సంగతి తట్టనే లేదు. తను డ్రైవరని, ఆమె యజమానురాలి మనవరాలని కూడా గుర్తు లేదు. వచ్చిన అరబ్బీ మొత్తం మరిచిపోయి, ఆ పిల్లకు ఒక్క ముక్క రాని తెలుగులో అరిచాడు.

"ఎక్కొద్దు తల్లీ! నీకేమన్నా అయితే నేను బతకల్యాను! నీకు దండం పెడతా, ఎక్కొద్దు!"

ఫోన్ కట్టయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. గంగులయ్య బండి కడిగాడు. కడిగిన బండినే మళ్ళీ కడిగాడు. చివరికి ఉండబట్టలేక వెళ్ళి మామాకు చెప్పాడు. ఆమె జపమాల చేతికి తీసుకుంది.

చాలాసేపటికి మామా ఫోనుకు ఒక వీడియో వచ్చింది. ఇద్దరూ తలలు ఆనించి చూశారు. ఒడ్డు పక్కన నడుంలోతు నీళ్ళు. నారింజరంగు జాకెట్టు తొడుక్కున్న దానా కెమెరా వైపు చూసి, "ఎక్కలేదులే గంగూ, అరవకు," అంది. మొహానికి అద్దం, నోటికి గొట్టం పెట్టుకుని నీళ్ళలోకి బోర్లా పడుకుంది. జాకెట్టు మాత్రం పైకి తేలుతోంది. తల లేవదు. ఎంతసేపైనా లేవదు.

"ఊపిరి తీసుకో గంగూ!" అని మామా చేతికర్రతో అతని పక్కలో పొడిచింది. "ఆ గొట్టంలోంచి ఆ పిల్ల బాగానే పీలుస్తోంది. బిగబట్టి చచ్చేది నువ్వే!"