మేస్త్రి చెప్పిన మొదలు

రోడ్డు మేస్త్రి పోయినాడన్న కబురు నాకు ఫోన్లో, మా సైకిలు గ్రూపులో తెలిసింది. కబురు కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. ఆ చేతులు పోయిన చలికాలంలో దేనికోసం పైకి లేచినాయో నాకు తెలుసు. వాటిలో నాదీ ఒకటి. అందుకే ఈ నాలుగు మాటలు రాయాల్సి వచ్చింది.

ఆయన రోడ్ల శాఖలో గ్యాంగు మేస్త్రిగా చేసి రిటైరైనాడు. ఉదయగిరిలో మా ఇంటి వెనక వీధి. కంకర పరిపించడం, గుంతలు పూడ్పించడం, వానలకు ముందు కిలోమీటరు రాళ్ళకు సున్నం కొట్టించడం, ఇదీ ఆయన ఉద్యోగం. రిటైరైన తర్వాత కూడా రోడ్డు మీద రాయి కనబడితే వంగి, చేత్తో తీసి, అంచున పెట్టి పోయేవాడు. కిలోమీటరు రాయి మీద ఎవడన్నా కూర్చుంటే వాడు లేచేదాకా పక్కనే నిలబడేవాడు. "అది డ్యూటీలో ఉండాదిరా, లెయ్" అనేవాడు. ఇంజనీర్లంటే ఆయనకు మహా చులకన. "జీపులో పోయేవోడికి రోడ్డంతా సాపే" అని, ఆ మాట వాళ్ళ ముందే అని, రెండుసార్లు మెమో తీసుకున్నాడు.

పోయిన చలికాలం మేము ఎనిమిది మందిమి సైకిలు యాత్ర చేయాలనుకున్నాం. పల్లె రోడ్ల కోసం, ఈ చివర నుంచి ఆ చివరికి. ఏ చివర నుంచి ఏ చివరికి అన్న దగ్గరే నెల గడిచింది. ఒకడు కన్యాకుమారి అన్నాడు. వాడి సైకిలు అప్పటికి ఉదయగిరి బస్టాండు దాటి ఎరగదు. ఇంకొకడికి తిరుపతి మొక్కు మిగిలిపోయిందంట, పనిలో పనిగా అదీ తీరిపోతుందన్నాడు. నేను కోట ఉన్న కొండ కాడ మొదలుపెట్టి సముద్రం దాకా పోదామన్నాను. 'కొండ నుంచి కడలికి' అంటే ఫ్లెక్సీ మీద బాగుంటుంది. అంతకు మించి కారణం లేదు. అప్పటికి నేను చదివిన కరపత్రాలు బీరువాలో ఒక అర నిండా ఉన్నాయి.

దారి అడగడానికి మేస్త్రి దగ్గరకు పోయినాం. ఫోన్లో మ్యాపు చూపించినాను. ఒకసారి అటూ ఇటూ తిప్పి తిరిగిచ్చేసినాడు.

"కొండకాడ ఎవురుండారబ్బయా?"

"ఎవరూ లేరు మేస్త్రీ. కోట ఉండాది."

"సముద్రంకాడ?"

"బీచి."

"అంటే ఎవురూ లేనికాడ బయల్దేరి, ఎవురూ అడగనికాడికి పోతావుండారు. మంచిది. నీళ్ళు తీసకపోండి."

మా కన్యాకుమారివాడు కిసుక్కుమన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "అయితే యాడ మొదలుపెట్టాల్నో నువ్వే చెప్పు" అన్నాను.

"సున్నా రాయి యాడుంటాదో ఎప్పుడన్నా చూసినావా? పెద్దూర్లో ఉంటాది. ఆడ్నించి లెక్కబెట్టుకుంటా వస్తారు. పల్లెకొచ్చేసరికి అంకె పెద్దదైపోద్ది, తారు అయిపోద్ది. మీరు పల్లెకాణ్ణించి లెక్కబెట్టండి."

అప్పుడు ఒక ఊరు చెప్పినాడు. వరికుంటపాడు దాటి లోపలికి పోతే వచ్చే చిన్న పల్లె. సర్వీసులో ఉండగా ఆ దోవకు కంకర పరిపించింది ఆయనే. వెడల్పు చాలకపోతే రైతులు చేలగట్లు తీసేసి తలా ఒక పట్టీ నేల వదిలినారు. కాగితం లేదు, పరిహారం లేదు. "వచ్చే ఎండాకాలానికి తారొస్తాది" అన్న మేస్త్రి మాట ఒక్కటే. ఎండాకాలాలు చాలా వచ్చినాయి. కాగితాల్లో ఆ రోడ్డు పూర్తయింది, కాంట్రాక్టరు బిల్లు తీసుకున్నాడు, దోవ మీద మాత్రం అదే కంకర. ఆ తర్వాత మేస్త్రి ఆ ఊరికి పోవడం మానుకున్నాడు. సొంత చెల్లెల్ని ఇచ్చిన ఊరు. ఆమె చేతి అన్నం తిని ఎన్నేళ్ళయిందో ఆయనకే తెలియదు.

"ఆ ఊరి ఆఖరి ఇంటికాడ మొదలుపెట్టండి. కొండాపురం మీదగా ఆత్మకూరు పోండి. అర్జీలు తీసుకునే ఆఫీసు మెట్టుకాడ దిగండి. అదీ ఈ చివర, ఆ చివర" అన్నాడు. మిగతావాళ్ళు ఫోన్లు చూసుకుంటుంటే నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "మీరొస్తారంటే నేను ముందురోజే పోయి చెప్తా. ఈ వంకతోనన్నా ఆ ఊళ్ళో అడుగుపెడతా" అన్నాడు.

తారీకు చెప్పి, వస్తాం మేస్త్రీ అని మాటిచ్చినాను.

ఆ తర్వాత మాకు ఒక నాయకుడి దయ కలిగింది. పేరు రాయను, రాస్తే ఆయనకు ప్రచారం. ఆ కంకర రోడ్డుకు బిల్లు తీసుకున్నది ఆయన బావమరిదే. మాకు టీషర్టులు, టిఫిన్లు, వెనక ఒక టెంపో ఇస్తానన్నాడు. కోట కింద మొదలుపెట్టి, మెయిన్ రోడ్డున ఆత్మకూరు, నెల్లూరు దాటి సముద్రానికి పోవాలన్నాడు. "ఆ పల్లెదోవలో టెంపో రాదు తమ్ముడూ. ఇడ్లీలు ఎట్టా చేరాల?" అని అడిగినాడు. ప్రజాస్వామికంగా చేతులెత్తినాం. ఎనిమిది చేతులూ లేచినాయి. విశాల ఐక్యత అవసరమని ఒక కరపత్రంలో చదివి ఉన్నాను. ఎవరితో ఐక్యత అన్నది దాని కింద వరసలోనే ఉండింది, అది నేను వదిలేసినాను. టీషర్టు గుడ్డ మంచిది.

మేస్త్రికి చెప్పే పని నాకు పెట్టినారు. రేపు చెప్తానన్నాను. రోడ్ల కోసం ప్రభుత్వాన్ని నిలదీస్తానన్నవాణ్ణి, ఆ ముసలాయన మొహం చూసే దమ్ము లేక మూడు రోజులు వెనక వీధి తగలకుండా చుట్టుదోవన తిరిగినాను. నా బతుకులో నేను అంత జాగ్రత్తగా దారి ఎంచుకున్నది అప్పుడే.

ఆయనకు చెప్పకుండానే యాత్ర చేసినాం. నాయకుడు జెండా ఊపినాడు. ఆత్మకూరులో ఆయన ఫ్లెక్సీ కింద ఇడ్లీలు తిన్నాం. సముద్రంలో ముందు టైరు తడిపి ఫోటోలు దిగినాం. రోడ్ల గురించి ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. తిరిగొచ్చిన రెండో రోజు టీ అంగడి దగ్గర మేస్త్రి ఎదురుపడినాడు.

"ఏందబ్బయా, సముద్రం ఉండాదా ఆడ?"

"ఉండాది మేస్త్రీ."

"సరే. మీరు పోయేలోపల ఎవుడన్నా ఎత్తకపోతాడేమో అనుకున్నా."

టీ తాగి గ్లాసు పెట్టి పోయినాడు. తిట్టి ఉంటే నేను కూడా నాలుగు మాటలు అని బతికిపోయేవాణ్ణి.

పోయిన నెల జ్వరమన్నారు. వారం తిరక్కుండా పోయినాడు. నాయకుడు పెద్ద దండ తెచ్చి "రహదారుల ముద్దుబిడ్డ" అని మాట్లాడినాడు. అక్కడున్నవాళ్ళు చప్పట్లు కొట్టినారు, చావు దగ్గర. మూడో రోజుకు గ్రూపులో స్మారక సైకిలు యాత్ర ప్రకటించినారు. కోట కింద నుంచి నాయకుడి కల్యాణమండపం దాకా. దారి గీసి పెట్టమని నన్ను అడిగితే, మేస్త్రి చెప్పిన పల్లె నుంచి గీసి పంపినాను. "ఆ రోడ్డు బాగలేదు కదన్నా" అని జవాబు. మేస్త్రి బతికుంటే ఈ ఒక్క మాట వినిపించడానికి ఆయన ఇంటికి పరిగెత్తి ఉందును. గ్రూపులోంచి బయటికొచ్చేసినాను.

మర్నాడు ఒక్కణ్ణే ఆ పల్లెకు పోయి మేస్త్రి చెల్లెలి ఇల్లు అడిగినాను. అన్న ఊరివాణ్ణని చెబితే అవ్వ మంచం వాల్చింది. మేము రాని రోజు సంగతి తనే ఎత్తింది.

"మా అన్న ఎన్నో ఏళ్ళకి వచ్చినాడు నాయనా. పిలకాయలు సైకిళ్ళేసుకొని వస్తావుండారని చెప్పినాడు. ఊరంతా ఊడ్చినాం. కడవల్నిండా మజ్జిగ చేసినాం. మిట్టమధ్యాన్నం దాకా చూసినాడు."

"ఏమన్నాడవ్వా?"

"మజ్జిగ పారబొయ్యబాకండి, దోవన పొయ్యేవోళ్ళకి పొయ్యండి అన్నాడు. ఈ దోవన ఎవురు పోతారు? రెండు దినాలు మేమే తాగినాం. మాపటేళ ఇంటింటికీ పోయి, ఈసారి కూడా నా మాటే తప్పింది అని చెప్పేసి పోయినాడు."

మేస్త్రి ఆ ఇళ్ళలో ఎక్కడా నా పేరు ఎత్తలేదు. కూర్చున్నవాణ్ణి లేచినాను. మాట తప్పింది ఆయన కాదు, నేనని చెప్పినాను. అవ్వ నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"నాకెందుకు చెప్తావు? ఆయన తిరిగిన ఇళ్ళన్నీ తిరిగి చెప్పు."

తిరిగినాను. కొందరు తలుపు దగ్గరే విని లోపలికి పోయినారు. ఒక పెద్దాయన, "ఆయనకి పొలం ఇచ్చినాం, నీకు మజ్జిగ చేసినాం. ఇంకేం కావాల?" అన్నాడు. అర్జీ రాసుకుందాం, సంతకం కావాలన్నాను. కళ్ళద్దాలు తెమ్మని మనవరాలిని కేకేసినాడు.

సోమవారం పొద్దున ఆఖరి ఇంటి ముందు నుంచి బయల్దేరినాం. ఐదు సైకిళ్ళు. నాది తప్ప అన్నీ ఆ ఊరివే. ఒకదానికి బ్రేకుల్లేవు, ఒకదానికి పాలక్యాన్ల కొక్కేలు. సాయంత్రానికి ఆత్మకూరులో అర్జీ మీద ముద్ర పడింది. పొద్దుటి సంగతి ఒకటి చెప్పి ఆపుతాను.

కంకర మీద చక్రం నిలవదు. ఎక్కినవాళ్ళం ఎక్కినట్టే దిగి, సైకిళ్ళు తోసుకుంటూ నడిచినాం. చాలాదూరం వచ్చినామనుకొని వెనక్కి తిరిగితే ఊరు అక్కడే ఉంది. దోవ మధ్యలో అవ్వ నిలబడి ఉంది.

"తారొచ్చిందా?" అని అరిచింది.

"ఇంకా రాలేదవ్వా" అన్నాం.

ఇంకొంచెం పోయినాక మళ్ళీ వినబడింది, సన్నగా. మళ్ళీ అదే చెప్పినాం. మూడోసారి తిరిగి చూసినప్పుడు ఆమె గొంతు మాకు అందలేదు. చెయ్యి మాత్రం కళ్ళకు అడ్డం పెట్టుకొని, జవాబు కోసం అట్లాగే నిలబడి ఉంది.