మాటకూ కూలి: కళ్యాణదుర్గం నుంచి బెంగళూరు దాకా

ఉదయం ఐదున్నరకు కళ్యాణదుర్గం బస్టాండులో బెంగళూరు బస్సు ఎక్కాము. ముందు రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. భయంతో కాదు, సంబరంతో. మా ఆయన మస్తాన్ టైల్స్ పనికి బెంగళూరు ఎన్నిసార్లు పోయాడో లెక్కలేదు. పెళ్లయిన పదకొండేళ్లలో నేను పోవడం మాత్రం ఇదే మొదలు.

కారణం ఒక ఫోను. ఆయన ఇంతకుముందు పనిచేసిన చోటి ఇంజనీరు కన్నడంలో ఏదో చెబుతుంటే, ఫోను నా చేతిలో పెట్టి, "నువ్వు మాట్లాడు, నాకొక ముక్క అర్థం కాలే" అన్నాడు. మా పుట్టిల్లు పావగడ దగ్గర, కర్ణాటకలో. ఇంట్లో తెలుగే అయినా ఏడో తరగతి దాకా కన్నడ బడిలో చదివాను. కళ్యాణదుర్గంలో ఆ చదువుతో ఎవరికీ పనిపడలేదు. ఇంజనీరు చెప్పింది ఇదీ: కొత్త ఇల్లు, రెండంతస్తులు, మధ్యలో మేస్త్రీ లేకుండా పని నేరుగా మాకే. కానీ కన్నడం తెలిసినవాళ్లు ఒకరు వెంట ఉండాలి.

"ఇంకెవురుండారు, నువ్వే రా" అన్నాడు ఆయన. పిల్లల్ని అత్త దగ్గర వదిలాము.

టికెట్లు ఇద్దరికీ ఆరు వందల చిల్లర. మన రాష్ట్రంలో ఆడవాళ్లకు బస్సు ఉచితమే గాని, ఇది రాష్ట్రం దాటే బస్సు. ఈ దారిన పోయేవాళ్లు కుడివైపు కూర్చోండి. పొద్దుటి ఎండంతా ఎడమ కిటికీల్లో పడుతుంది. వాన లేక వాడిన శెనక్కాయ చేలు చాలాదూరం వెంట వచ్చాయి.

కంబదూరులో ఎక్కిన ఒకాయన మస్తాన్ పక్కన కూర్చుని పలకరించాడు.

"ఏమన్నా, యాడికి పోతాండారు?"

"బెంగుళూరికి, టైల్స్ పనికి" అన్నాడు మస్తాన్.

"ఈడ ఎంతిస్తాండారు రోజుకు?"

"ఎనిమిది నూర్లు. ఆడ మేస్త్రీ కిందైతే వెయ్యి."

"ఆడ దుడ్లుండాయిలే. నేనూ మూడేండ్లు సెంట్రింగు పని చేసినా. కన్నడం మాట రాక, మేస్త్రీ ఎంతిస్తే అంతే తీసుకున్యా. ఓనరు ఎంతిచ్చినాడో ఇప్పటికీ తెల్దు."

మస్తాన్ నా వైపు చూశాడు.

ఏడుంబావుకు పావగడ, తొమ్మిదిన్నరకు మధుగిరి. అక్కడ బస్సు పదిహేను నిమిషాలు ఆగుతుంది. ఇద్దరం ఇడ్లీలు తిన్నాము, ఎనభై రూపాయలు. పన్నెండుకు బెంగళూరు. ఇంకో సిటీ బస్సు మారి సైటు చేరేసరికి ఒంటిగంట దాటింది. రేకుల గది, ఒక పొయ్యి, బయట నీళ్ల డ్రమ్ము. బస అదే, అద్దె లేదు.

ఇంజనీరు మమ్మల్ని ముందు బాత్రూములోకి తీసుకుపోయి గబగబా చెప్పుకుపోయాడు. నీళ్లు పోయే జాలీ తలుపు వెనక మూలలో ఉంది, నీళ్లు నడిమికి కాదు, ఆ మూలకే జారాలి. నేను మస్తాన్‌కు తెలుగులో చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది.

"పోయినసారి ఈ మాటే నాకర్థం కాలే. వాలు నడిమికిచ్చినా. అంతా పగలగొట్టిచ్చి రెండ్రోజుల కూలి పట్టుకున్యారు" అన్నాడు. ఇంటికొచ్చి ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు.

సాయంత్రానికి ఆ బాత్రూము నేల పూర్తయింది. మర్నాడు ఇంజనీరు బకెట్టు నీళ్లు కుమ్మరించాడు. నీళ్లన్నీ ఒక్క బారున మూలకు పోయాయి. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

అప్పుడు కూలి మాట వచ్చింది. మస్తాన్‌కు పదమూడు వందలు, హెల్పరుగా నాకు ఆరు వందలు అన్నాడు. నేను కన్నడంలోనే అడిగాను: "ఆరు వందలకు సిమెంటు కలుపుతాను సార్. మీ మాట ఆయనకు, ఆయన మాట మీకు చెప్పేది ఎవరు?"

ఇంజనీరు, "నిన్న నువ్వు లేకపోతే మళ్లీ పగలగొట్టేవాళ్లం" అని తొమ్మిది వందలకు ఒప్పుకున్నాడు. గదికి వచ్చాక మస్తాన్, "నేనైతే ఆరుకే తలూపుతాంటి" అని చాలాసేపు నవ్వాడు.

పన్నెండు రోజులకు కింది అంతస్తు అయింది. పిల్లల్ని చూసి రావడానికి మధ్యాహ్నం రెండు గంటల బస్సు ఎక్కాము. నా పక్క సీట్లో లక్ష్మమ్మ అని, పావగడ దగ్గరి పల్లె మనిషి. ఆమె కూడా బెంగళూరులో ఇటుకలు మోస్తుంది. కండక్టరుతో కన్నడం, నాతో తెలుగు.

"మీ సైటులో ఓనరుతో ఎవురు మాట్లాడతారు?" అని అడిగాను.

"మా మేస్త్రీ. ఆయప్పకు కన్నడం రాదు. నేనే పక్కన నిలబడి చెప్తా."

"దానికేమిస్తారు?"

లక్ష్మమ్మకు నా ప్రశ్న అర్థం కాలేదు. "మాట్లాడేదానికి దుడ్లు ఎవురిస్తారక్కా?"

నాకిచ్చారని చెప్పాను. ఎంతో కూడా చెప్పాను. ఆమె నమ్మలేదు. మస్తాన్ ముందు సీట్లోంచి తిరిగి, "నిజమేమ్మా, నా కండ్ల ముందరే అడిగింది" అన్నాడు. పావగడ వచ్చేదాకా ఆమె నన్ను వదల్లేదు. ఏమన్నావు, ఆయనేమన్నాడు, కోప్పడలేదా అని ప్రతి మాటా చెప్పించుకుంది.

అదే తాపీ, అదే చేయి. కళ్యాణదుర్గంలో ఒక కూలి, బెంగళూరులో ఇంకో కూలి, మాట వస్తే మరో కూలి. ఈ ప్రయాణంలో నేను తెలుసుకున్నది అది. కానీ ఈ దారి పొడవునా ఎంతమంది ఆడవాళ్లు ఆ మాటను ఉత్తపుణ్యానికి మోస్తున్నారో లక్ష్మమ్మను చూసేదాకా నాకు తట్టలేదు.

పావగడలో ఆమె దిగింది. బస్సు కదలబోతుంటే కిటికీ దగ్గరికి వచ్చి అడిగింది: "సోమవారమే అడగల్లా, కూలిచ్చే దినం అడగల్లా?"

"సోమవారమే, పని మొదలుపెట్టక ముందే" అన్నాను.